జర్మనీలో ఇంటర్న్‌షిప్: అక్కడ ఉండగా చేయాల్సినవి, తిరిగొచ్చాక చేయాల్సినవి

"సర్టిఫికెట్ ఇంకా రాలేదు, మెయిల్ పెడితే జవాబు లేదు." "రికమండేషన్ లెటర్ ఎప్పుడు అడగాలి?" "మూడు నెలలు పనిచేశాను, రెజ్యూమేలో రాయబోతే రెండు లైన్లకు మించి రావడం లేదు." జర్మనీలో ఇంటర్న్‌షిప్ చేసి వచ్చిన జూనియర్లు నన్ను అడిగేవి ఎప్పుడూ ఇవే. అడిగేది మాత్రం ఇంటికి వచ్చేశాక. అప్పటికి సగం దారులు మూసుకుపోయి ఉంటాయి.

నాకూ అలాగే జరిగింది. ఇంజినీరింగ్ మూడో ఏడాది తర్వాత మూడు నెలలు అక్కడ ఒక సంస్థలో పనిచేశాను. సర్టిఫికెట్ సంగతి తర్వాత చూసుకుందాంలే అని వచ్చేశాను. రెండు నెలల తర్వాత అడిగితే నా సూపర్‌వైజర్ అక్కడ లేరు, వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు. నేను ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉన్నానో చెప్పే ఒక్క పేరా చేతికి వచ్చింది. చేసిన పని గురించి అందులో ఒక్క మాట లేదు. మీకు అలా జరగకూడదనే ఇదంతా వివరంగా రాస్తున్నాను. తిరిగొచ్చాక అవసరమయ్యే ప్రతిదాన్నీ అక్కడ ఉండగానే సంపాదించుకోవాలి. కింది మెట్లన్నీ ఆ లెక్కలోనే ఉంటాయి.

రెండు నుంచి ఆరు నెలల ఇంటర్న్‌షిప్‌కు మన దగ్గరి నుంచి వెళ్లే డిగ్రీ, ఇంజినీరింగ్, పీజీ విద్యార్థులకు ఇది పనికొస్తుంది.

దగ్గర ఉండాల్సినవి

- సంతకాలు అయిన కాంట్రాక్ట్. అందులో తేదీలు, వారానికి ఎన్ని గంటలు, స్టైపెండ్ ఎంత అన్నవి స్పష్టంగా ఉండాలి.
- ఈ ఇంటర్న్‌షిప్ మీ కోర్సులో తప్పనిసరి భాగమా, మీ ఇష్టంతో చేస్తున్నదా అని చెప్పే కాలేజీ లేఖ. జర్మనీలో ఈ తేడాకు చాలా విలువ ఉంది. కోర్సులో తప్పనిసరి అయితే కనీస వేతన చట్టం వర్తించదు. ఇష్టంతో చేసేది మూడు నెలలు దాటితే వర్తిస్తుంది. 2026 జనవరి నుంచి ఆ వేతనం గంటకు 13.90 యూరోలు.
- తిరిగొచ్చాక క్రెడిట్ల కోసం ఏ పత్రాలు, ఏ ఫార్మాట్‌లో, ఏ తేదీలోగా ఇవ్వాలో మీ డిపార్ట్‌మెంట్ రాసి ఇచ్చిన మెయిల్. నోటి మాట చాలదు. మీరు వచ్చేసరికి కోఆర్డినేటర్ మారిపోవచ్చు.
- ఇన్సూరెన్స్ పాలసీ. షెంగెన్ వీసాకు (జర్మనీతో సహా ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపును షెంగెన్ అంటారు) కనీసం 30,000 యూరోల కవరేజీ అడుగుతారు. పాలసీ నంబర్, క్లెయిమ్ ఫోన్ నంబర్ కాగితం మీద కూడా రాసి ఉంచుకోండి.
- పాస్‌పోర్ట్, వీసా, ఆఫర్ లెటర్ స్కాన్ కాపీలు. ఫోన్‌లో ఒకటి, మెయిల్‌లో ఒకటి.
- ఒక నోట్‌బుక్. దీని పని మూడో మెట్టులో చెబుతాను.

1. దిగిన వారంలో ఇంటి పనులు తేల్చుకోండి

గదిలోకి అడుగుపెట్టగానే, సామాను విప్పకముందే ఫోటోలు తీయండి. గోడలు, నేల, కిటికీ, పరుపు, బాత్రూమ్, ఉన్న గీతలు, మరకలు అన్నీ. వాటిని అదే రోజు ఓనర్‌కు మెయిల్ చేయండి. అడ్వాన్స్‌గా కట్టే డిపాజిట్‌ను అక్కడ "కౌట్సియోన్" అంటారు. చట్టం ప్రకారం అది హీటింగ్ వగైరా ఖర్చులు కలపని అద్దెకు మూడు నెలల మొత్తం దాకా ఉండొచ్చు. ఆ డబ్బు వెనక్కి రావాలంటే ఈ ఫోటోలే సాక్ష్యం.

తర్వాత పోస్ట్ బాక్స్ మీద మీ పేరు అతికించండి. చాలామంది చేసే మొదటి తప్పు ఇక్కడే. అక్కడి అడ్రసుల్లో ఫ్లాట్ నంబర్ సాధారణంగా ఉండదు, పోస్ట్‌మన్ పేరు చూసే ఉత్తరం వేస్తాడు. పేరు లేకపోతే బ్యాంకు కార్డు, ప్రభుత్వ ఉత్తరాలు అన్నీ వెనక్కి పోతాయి.

మూడు నెలలకు మించి ఉండబోతుంటే అడ్రస్ నమోదు తప్పనిసరి. దీన్ని "ఆన్‌మెల్డుంగ్" అంటారు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు ఊరి పౌర కార్యాలయంలో చేయించుకోవాలి. పాస్‌పోర్ట్‌తో పాటు, మీరు ఆ ఇంట్లో ఉంటున్నారని ఓనర్ సంతకం చేసిన ఫారం కావాలి. అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం కాబట్టి ఇక్కడ ఉండగానే ఆన్‌లైన్‌లో స్లాట్ చూసుకోండి. మామూలుగా విదేశంలో నివాసం ఉండే వ్యక్తి మూడు నెలల లోపు ఉండడానికి వస్తే ఈ నమోదు అక్కర్లేదు.

జాగ్రత్త: నమోదు అయ్యాక రేడియో, టీవీ రుసుము కట్టమని ఉత్తరం వస్తుంది. మోసం అనుకుని పారేయకండి. ఇంటికి ఒకరు నెలకు 18.36 యూరోలు కడితే చాలు. మీ ఫ్లాట్‌లో ఇంకెవరైనా కడుతుంటే వాళ్ల రుసుము ఖాతా నంబర్ రాసి జవాబు పంపండి.

2. మొదటి వారంలోనే సూపర్‌వైజర్‌తో అరగంట కూర్చోండి

మూడు ప్రశ్నలు అడగండి. నేను వెళ్లేలోపు ఏది పూర్తయి ఉండాలి? ఇందులో ఏ భాగం గురించి నేను బయట రాయొచ్చు, ఏది రాయకూడదు? చివర్లో సర్టిఫికెట్ ఎవరు రాస్తారు, మీరా, హెచ్ఆరా? వచ్చిన జవాబులను అదే సాయంత్రం "ఈ రోజు మనం అనుకున్నవి ఇవి" అని మెయిల్‌లో పెట్టండి. మూడో ప్రశ్న మొదటి వారంలో అడగడానికి మొహమాటంగా ఉంటుంది. అయినా అడగండి, అక్కడ దాన్ని ఎవరూ తప్పుగా తీసుకోరు.

ఈ వారంలోనే రెండు విషయాలు బాగా ఒంటబట్టించుకోవాలి.

ఒకటి టైమ్. జర్మన్‌లో "హాల్ప్ ఆఖ్ట్" అంటే మాటకు మాట సగం ఎనిమిది. అంటే ఏడున్నర, ఎనిమిదిన్నర కాదు. మీటింగ్‌కు గంట ఆలస్యంగా వెళ్లేది ఇలాగే. అనుమానం ఉంటే "ఏడు ముప్పైకా?" అని తిరిగి అడగండి.

రెండోది అంకెలు. వాళ్లు దశాంశానికి కామా పెడతారు, వేలకు చుక్క పెడతారు. 1.500 అని ఉంటే పదిహేను వందలు, 1,5 అని ఉంటే ఒకటిన్నర. జర్మన్ సెట్టింగ్స్ ఉన్న కంప్యూటర్‌లో సేవ్ చేసిన ఫైల్‌ను మీ ల్యాప్‌టాప్‌లో తెరిస్తే కాలమ్‌లు మొత్తం తారుమారు కావచ్చు. చేతిరాతలో వాళ్ల 1 మనకు 7లా కనిపిస్తుంది. ల్యాబ్‌లో పనిచేసేవాళ్లు డేటా తీసుకున్న ప్రతిసారీ మొదటి ఐదు వరుసలైనా కంటితో సరిచూసుకోండి.

ఒంట్లో బాగోకపోతే పని మొదలయ్యే టైమ్‌కు ముందే ఫోన్ చేయాలి లేదా మెయిల్ పెట్టాలి. మర్నాడు వచ్చి చెప్పడం అక్కడ పెద్ద తప్పు కిందే లెక్క. అత్యవసరమైతే 112. రాత్రిళ్లు, సెలవుల్లో ప్రాణం మీదికి రాని జబ్బులకు డాక్టర్ కావాలంటే 116117.

3. రోజూ పది నిమిషాలు రాయండి

ఇదంతా చదివి ఒక్కటే చేద్దామనుకుంటే ఈ మెట్టు చేయండి.

పని నుంచి లేచే ముందు నోట్‌బుక్‌లో నాలుగు లైన్లు రాయాలి. ఏం చేశాను, ఎంత తేడా వచ్చింది, ఏది పాడైంది, ఎవరు సాయం చేశారు. "డేటా శుభ్రం చేశాను" అని రాస్తే ఆరు నెలల తర్వాత దానికి అర్థం ఉండదు. ఇలా రాయండి: "మూడు సెన్సర్ల డేటాలో ఖాళీ వరుసలు తీసేసే స్క్రిప్ట్ రాశాను. చేత్తో చేస్తే 40 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 3 నిమిషాలు. కామా, చుక్క తేడా వల్ల ఒక కాలమ్ తప్పు వచ్చింది, దిగుమతి సెట్టింగ్ మార్చాక సరిపోయింది. ఆ సెట్టింగ్ ఎక్కడుందో పక్క టేబుల్ ఆయన చూపించారు."

ఈ నాలుగు లైన్ల నుంచే మీ కాలేజీ రిపోర్ట్, సర్టిఫికెట్‌లో ఉండాల్సిన పాయింట్లు, రెజ్యూమే, ఇంటర్వ్యూలో చెప్పే జవాబు అన్నీ వస్తాయి. "పాడైంది" అన్న లైన్ ఎగ్గొట్టాలని అనిపిస్తుంది. ఎగ్గొట్టకండి. ఇంటర్వ్యూలో "మీకు ఎదురైన కష్టమైన సమస్య చెప్పండి" అన్నప్పుడు జవాబు దొరికేది ఆ లైన్‌లోనే.

జాగ్రత్త: ఇందులో సంస్థ కోడ్, డ్రాయింగులు, కస్టమర్ల పేర్లు రాయకూడదు, ఫైళ్లను సొంత డ్రైవ్‌లోకి కాపీ చేయకూడదు. మీరు సంతకం పెట్టిన గోప్యత ఒప్పందం తిరిగొచ్చాక కూడా మీ మీద ఉంటుంది. వివరాలు వద్దు, మీ పద్ధతి, మీ వాటా చాలు.

సరిచూసుకోవడం ఇలా: శుక్రవారం సాయంత్రం ఆ వారం రాసింది చదివి, అది ఏమీ తెలియని స్నేహితుడికి రెండు నిమిషాల్లో చెప్పండి. వాడికి అర్థమైతే నోట్స్ బాగున్నట్టే.

4. సగం గడిచాక అభిప్రాయం అడగండి

"అంతా బాగానే ఉందా?" అని అడిగితే "బాగానే ఉంది" అంటారు. దానివల్ల లాభం లేదు. "మిగిలిన ఆరు వారాల్లో నేను మార్చుకోవాల్సింది ఒక్కటి చెప్పండి" అని అడగండి. జవాబు మొహం మీదే వస్తుంది, మెత్తగా ఉండదు. బాధపడకండి, అది మీ మీద కోపం కాదు. అక్కడ పని గురించి మాట్లాడే తీరే అంత. చెప్పింది మార్చుకుని, రెండు వారాల తర్వాత "మీరు చెప్పినట్టు చేస్తున్నాను, ఇప్పుడెలా ఉంది?" అని మళ్లీ అడగండి. సర్టిఫికెట్‌లో మాట మెరుగయ్యేది ఇక్కడే.

5. సెలవు రోజులు

ఆదివారం షాపులు మూసే ఉంటాయి, సరుకులు శనివారమే తెచ్చుకోండి. రాత్రి 10 దాటాక శబ్దం వద్దు. ఒంటరితనం ఎక్కువగా పట్టుకునేది ఆదివారమే. ఇంటికి ఫోన్ చేయడానికి ఒక టైమ్ పెట్టుకోండి. వేసవిలో మనకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా, చలికాలంలో నాలుగున్నర.

తిరగాలనుకుంటే డాయిచ్‌లాండ్ టికెట్ ఉంది. 2023 మేలో 49 యూరోలకు మొదలైంది, 2026 జనవరి నుంచి నెలకు 63. సిటీ బస్సులు, ప్రాంతీయ రైళ్లలో దేశమంతా పనిచేస్తుంది. ఐసీఈ లాంటి దూర రైళ్లలో చెల్లదు.

వీసా విషయంలో మాత్రం అజాగ్రత్త వద్దు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది, వెళ్లి రావచ్చు. లండన్ షెంగెన్ కాదు. దానికి వేరే వీసా కావాలి. పైగా మీది ఒకసారి మాత్రమే ప్రవేశం ఉన్న వీసా అయితే తిరిగి జర్మనీలోకి రాలేరు. టికెట్ బుక్ చేసే ముందు వీసా స్టిక్కర్ మీద ఎన్ని ప్రవేశాలున్నాయో చూడండి.

6. మూడు వారాల ముందు సర్టిఫికెట్ పని మొదలుపెట్టండి

అక్కడ పనికి ఇచ్చే సర్టిఫికెట్‌ను "త్సొయిగ్నిస్" అంటారు. ఇది రెండు రకాలు. సాదా రకంలో తేదీలు, పని పేరు మాత్రమే ఉంటాయి. వివరమైన రకంలో మీ పని, ప్రవర్తన ఎలా ఉన్నాయో కూడా ఉంటుంది. అడగకపోతే సాదాది వచ్చే ప్రమాదం ఉంది, నాకు వచ్చింది అదే. కాబట్టి "వివరమైనది కావాలి, వీలైతే జర్మన్‌లో ఒకటి, ఇంగ్లీషులో ఒకటి" అని రాతపూర్వకంగా అడగండి. ఉద్యోగికి సర్టిఫికెట్ అడిగే హక్కు చట్టమే ఇచ్చిన దేశం అది. అడగడం అక్కడ అతి మామూలు విషయం.

మెయిల్‌తో పాటు మీ నోట్‌బుక్ నుంచి ఐదారు పాయింట్లు పంపండి: చేసిన పనులు, వాడిన పరికరాలు లేదా సాఫ్ట్‌వేర్, వచ్చిన ఫలితం. రాసేవాళ్లకు పని తేలికవుతుంది, మీకు కావలసిన వివరాలూ పడతాయి. మీ పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయమనండి. మన ఇంటిపేరు, అసలు పేరు తారుమారవడం తరచూ జరుగుతుంది.

డ్రాఫ్ట్ వచ్చాక జాగ్రత్తగా చదవాలి. ఆ సర్టిఫికెట్ భాషకు ఒక గుట్టు ఉంది. చెడ్డగా రాయకూడదన్న నియమం వల్ల, పైకి అన్నీ పొగడ్తల్లాగే ఉంటాయి, మార్కులు మాటల్లో దాగి ఉంటాయి. చూడాల్సింది తృప్తి గురించి చెప్పే వాక్యం:

- "ష్టేట్స్ త్సు ఉన్‌జెరర్ ఫోల్‌స్టెన్ త్సుఫ్రీడెన్‌హైట్", అంటే ఎల్లప్పుడూ మా అత్యంత సంపూర్ణ తృప్తి మేరకు: చాలా బాగుంది.
- అదే వాక్యంలో "ఫోల్‌స్టెన్" బదులు "ఫోలెన్" ఉంటే: బాగుంది.
- "ఫోలెన్" ఉండి, "ఎల్లప్పుడూ" అనే "ష్టేట్స్" లేకపోతే: పర్వాలేదు.
- ఆ రెండూ లేక, ఉత్త "మా తృప్తి మేరకు" అని ఉంటే: అంతంతమాత్రం.
- "ప్రయత్నించాడు" అనే అర్థంలో "బెమ్యూట్" మాట కనిపిస్తే: పని చేతకాలేదని చెప్పినట్టు.

చివర్లో మీరు వెళ్తున్నందుకు విచారం, చేసిన పనికి ధన్యవాదాలు, ముందు ముందుకు శుభాకాంక్షలు ఉన్నాయా చూడండి. అవి లేకపోతే జర్మనీలో చదివేవాళ్లకు అది లోటుగా కనిపిస్తుంది. నచ్చనిది ఉంటే గొడవపడకుండా, "నాలుగో వారంలో చేసిన ఫలానా పని ఇందులో చేర్చగలరా?" అని మర్యాదగా అడగండి. ఒక్కో మాటే మార్చమని అడిగే కంటే, చేసిన పనిని గుర్తుచేసి అడగడం బాగా పనిచేస్తుంది.

సూపర్‌వైజర్ సెలవులో ఉంటే? హెచ్ఆర్‌ను అడగండి, లేదా మీతో రోజూ పనిచేసిన సీనియర్‌తో సంతకం చేయించి, సంస్థ లెటర్‌హెడ్ మీద తీసుకోండి. యూనివర్సిటీ ల్యాబ్ అయితే ప్రొఫెసర్ సంతకం ఉండేలా చూసుకోండి.

కాలేజీ ఇచ్చిన మూల్యాంకన ఫారం కూడా ఇదే సమయంలో సంతకం చేయించుకోండి. మన యూనివర్సిటీలు రబ్బర్ స్టాంపు అడుగుతాయి. అక్కడ కొన్నిచోట్ల స్టాంపు వాడరు. లేకపోతే అధికారిక మెయిల్ ఐడీ నుంచి స్కాన్ కాపీని నేరుగా మీ కోఆర్డినేటర్‌కు పంపమనండి.

7. చివరి వారం

- ఆన్‌మెల్డుంగ్ చేయించుకున్నవాళ్లు దాన్ని తీయించుకోవాలి. వెళ్లడానికి వారం ముందు నుంచి వెళ్లాక రెండు వారాల లోపు చేయొచ్చు. ఆ రసీదు దాచుకోండి. రేడియో రుసుము ఆపించాలంటే అదే కావాలి.
- డాయిచ్‌లాండ్ టికెట్ ప్రతి నెలా దానంతటదే రెన్యూ అవుతుంది. ఆ నెల చివరికి ఆగాలంటే 10వ తేదీలోపు రద్దు చేయాలి. పదకొండో తేదీన గుర్తొస్తే ఇంకో నెల డబ్బు కట్టినట్టే.
- గది అప్పగించేటప్పుడు ఓనర్‌తో కలిసి చూసి, కాగితం మీద ఇద్దరి సంతకాలు పెట్టించండి.
- బ్యాంకు ఖాతా అప్పుడే మూసేయకండి. డిపాజిట్, చివరి స్టైపెండ్ మీరు వచ్చేశాకే పడతాయి. రెండూ పడ్డాక మూయండి.
- అందరికీ విడివిడిగా థాంక్స్ చెప్పండి. మూడో మెట్టులో "ఎవరు సాయం చేశారు" అని రాసుకున్నారు కదా, ఆ పేర్లన్నీ ఇప్పుడు పనికొస్తాయి.

8. తిరిగొచ్చిన రెండు వారాల్లో

జెట్‌లాగ్ తగ్గగానే కాలేజీ పత్రాలు ఇచ్చి, అందినట్టు రసీదు లేదా మెయిల్ తీసుకోండి. రిపోర్ట్ బయట పెట్టే ముందు ఒకసారి అక్కడి సూపర్‌వైజర్‌కు చూపించండి. రహస్యం ఏదైనా పొరపాటున దొర్లితే ఆయనే తీసేయమంటారు. క్రెడిట్లు మార్కుల జాబితాలో పడ్డాయని కంటితో చూసేదాకా ఈ పని అయిపోనట్టే.

పన్ను సంగతి చాలామందికి తెలియదు. మీరు భారత్‌లో రెసిడెంట్‌గా లెక్కకు వచ్చి, జర్మనీలో బ్యాంకు ఖాతా తెరిచి ఉంటే, ఆదాయం తక్కువైనా రిటర్న్ వేయాలి. ఆ ఖాతాను విదేశీ ఆస్తుల పట్టికలో చూపించాలి. దానికి ఐటీఆర్-1 అనే సులువైన రిటర్న్ ఫారం పనికిరాదు. మొదటిసారి సీఏ దగ్గర చేయించుకోవడం మంచిది. సంస్థ ఇచ్చిన జీతం, పన్ను కాగితాలు ఇందుకే దాచుకోవాలి.

9. రెజ్యూమే

"విదేశీ సంస్థలో ఇంటర్న్‌గా పనిచేశాను" అన్న వాక్యానికి బరువు లేదు. సమస్య, మీరు చేసింది, వచ్చిన తేడా. ఈ మూడూ ఒకే వాక్యంలో రావాలి. ఇలాంటివి మూడు చాలు. టీమ్ చేసిన పనిని మీదిగా రాయకండి. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే బయటపడుతుంది. ప్రతి వాక్యం మీద "ఎలా?", "ఎందుకు అలా?" అని స్నేహితుడితో అడిగించుకోండి. రెండింటికీ జవాబు చెప్పలేకపోతే ఆ వాక్యం తీసేయండి.

10. మనసు కుదురుకోవడం

వచ్చిన మొదటి నెలలో ఏదో వెలితిగా ఉంటుంది. క్లాసులు నిస్సారంగా అనిపిస్తాయి, స్నేహితులు అప్పటికే ప్లేస్‌మెంట్ల టెన్షన్‌లో ఉంటారు, మీ కబుర్లు రెండోసారి వినే ఓపిక ఎవరికీ ఉండదు. ఇది చాలామందికి జరుగుతుంది, మీలో లోపమేమీ లేదు. ప్రతిదాన్నీ "అక్కడైతే" అంటూ పోల్చడం మొదలుపెడితే మాత్రం మనుషులు దూరమవుతారు. దాని బదులు, వెళ్లాలనుకునే ఒకరిద్దరు జూనియర్లకు అప్లికేషన్ దిద్దిపెట్టండి. అక్కడి కబుర్లు నిజంగా వినాలనుకునేది వాళ్లే. ఆరేడు వారాలైనా నిద్ర పట్టకపోయినా, దేని మీదా మనసు నిలవకపోయినా కౌన్సెలర్‌తో మాట్లాడండి.

11. రికమండేషన్, మాస్టర్స్

సర్టిఫికెట్ వేరు, రికమండేషన్ లెటర్ వేరు. రెండోది ఒక కోర్సుకో, ఉద్యోగానికో గురిపెట్టి రాసేది. అందుకే వచ్చే ముందు "ఏడాదిలోపు అడిగితే రాస్తారా?" అని మాట తీసుకోండి. అవసరమైనప్పుడు కనీసం నాలుగు వారాల ముందు, గడువు తేదీ, కోర్సు పేరు, మీ రెజ్యూమే, పాత పాయింట్లతో మెయిల్ పెట్టండి. మధ్యలో మూడు నాలుగు నెలలకోసారి రెండు లైన్లు రాస్తూ ఉండండి: రిపోర్ట్‌కు ఏం మార్కులు వచ్చాయి, అక్కడ నేర్చుకున్నది ఇక్కడ ఎక్కడ పనికొచ్చింది. పని పడినప్పుడే గుర్తొచ్చేవాళ్లకు ఎవరూ మనసుపెట్టి రాయరు.

మాస్టర్స్‌కు మళ్లీ జర్మనీ వెళ్లాలనుకుంటే, 2022 నవంబర్ 1 నుంచి భారత విద్యార్థులకు ఏపీఎస్ సర్టిఫికెట్ (మీ చదువు పత్రాలు సరైనవేనని పరిశీలించి ఇచ్చేది) తప్పనిసరి. శీతాకాల సెమిస్టర్‌కు చాలా యూనివర్సిటీల గడువు జులై 15, కొన్నింటికి ఇంకా ముందే. ఏపీఎస్ చేతికి రావడానికి వారాలు పడుతుంది కాబట్టి అప్లికేషన్ కన్నా ముందు దాన్ని మొదలుపెట్టండి.

ఫోల్డర్ తెరిచి చూసుకోండి

వచ్చిన నెల రోజులకు మీ దగ్గర ఇవి ఉండాలి: వివరమైన సర్టిఫికెట్, సంతకమైన కాలేజీ ఫారం, కాంట్రాక్ట్, స్టైపెండ్ కాగితాలు, అడ్రస్ తీయించిన రసీదు, డిపాజిట్ జమ అయిన స్టేట్‌మెంట్, నోట్‌బుక్ ఫోటోలు, రాస్తామని మాటిచ్చిన ఇద్దరి మెయిల్ ఐడీలు. ఏదైనా లేకపోతే ఈ రోజే మెయిల్ పెట్టండి. వారంలో జవాబు రాకపోతే అదే మెయిల్ కింద మర్యాదగా గుర్తుచేయండి. రెండో వారానికి కూడా రాకపోతే ఆఫీసు టైమ్ చూసుకుని ఫోన్ చేయండి. అక్కడ శుక్రవారం మధ్యాహ్నం దాటితే చాలామంది దొరకరు, మంగళవారం ఉదయం చేస్తే దొరుకుతారు.